ఆయుష్షు గుడ్డ

బాలనర్సమ్మను చీర అడగవలసింది ఎవరన్న దగ్గరే రెండు రోజులు గడిచిపోయాయి. కూతురు విజయమ్మ అడగవచ్చు. కానీ కన్నతల్లిని "నీ ఆయుష్షు ఇయ్యి" అని ఏ నోటితో అడుగుతుంది? మనవరాలి భర్త రాఘవేందర్ అడగవచ్చు. కానీ చీరల సంగతి ఆడవాళ్ళు చూసుకోవాలని ఆయన లాలాగూడ వర్క్‌షాపుకు డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఏ పనైనా చివరికి ఎక్కడికి చేరుతుందో ఇదీ అక్కడికే చేరింది. స్వర్ణలత నెత్తిన పడింది.

రాంగోపాల్‌పేట్‌లో ఆ సందు సందంతటికీ అది అయిదు తరాల ఇల్లు. తొంభై దాటిన బాలనర్సమ్మ, ఆమె కూతురు విజయమ్మ, విజయమ్మ కూతురు స్వర్ణలత, స్వర్ణలత కూతురు కల్పలత, ఇప్పుడు కల్పలతకు పుట్టిన పసిగుడ్డు. ఏ తరంలోనూ రెండో బిడ్డ లేదు. అందుకే, కోడలిగా వచ్చిన బాలనర్సమ్మ తరువాత, అల్లుళ్ళే ఈ ఇంటికి ఇల్లరికం వచ్చారు. కల్పలత ఒక్కతే లాలాగూడకు కాపురానికి వెళ్ళింది. ఆమె కూడా కాన్పుకు ఇక్కడికే వచ్చింది.

బిడ్డ నెలలు నిండకముందే పుట్టింది. ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. అరచేయంత ఉంది, చూడటానికి భయమేస్తుందని చూసివచ్చినవాళ్ళు చెప్పుకున్నారు. అటువంటి బిడ్డను ఇంటికి తెచ్చేటప్పుడు ఈ కుటుంబంలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ ఏళ్ళు చూసిన మనిషి కట్టి విడిచిన చీర చింపి అంగీ కుట్టాలి. పెట్టెలో మడతపెట్టిన చీర పనికిరాదు. ఒంటి వేడి తగిలినదే కావాలి. ఇచ్చేవాళ్ళు తమ నోటితో "నా ఆయుష్షు పోసుకో బిడ్డా" అనాలి. ఆ అంగీ తొడిగాకే బిడ్డ గడప దాటాలి. ఇచ్చినవాళ్ళు ఆ తరువాత ఎక్కువ రోజులు ఉండరని కూడా ఒక మాట ఉంది. ఆ మాట మాత్రం అందరూ గొంతు తగ్గించి అనేవారు.

స్వర్ణలత ఉతికిన బట్టల బకెట్ పట్టుకుని మిద్దె మీదికి బయలుదేరింది. సగం మెట్లు ఎక్కాక ఆగింది. బకెట్ కింద పెట్టి, గోడకు భుజం ఆనించి, ఎడమ చేతిని రెండుసార్లు విదిలించింది. దవడ కింద ఏదో పట్టేసినట్టుంది. పొద్దున తాగిన చాయ్ పడలేదనుకుంది. జీలకర్ర నమిలితే పోతుందనుకుంది. ఈ మధ్య ఆమె రోజూ అలాగే అనుకుంటోంది.

బట్టలు ఆరేసి దిగివచ్చేసరికి మెట్ల పక్కన మంచం మీద బాలనర్సమ్మ లేచి కూర్చుని ఉంది. కళ్ళకు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. చెవులు మాత్రం పాము చెవులే.

"నడుమ ఎందుకు ఆగినవే?" అంది.

"బకెట్ బరువున్నది అమ్మమ్మ."

"నిన్న సుత ఆగినవ్. నిన్న బకెట్ లేదు గదా."

"కాలు పట్టింది," అని స్వర్ణలత మాట తప్పించి, దువ్వెన తీసుకుని ముసలామె వెనక కూర్చుంది. నాలుగు వెంట్రుకలు. వాటికి నూనె రాసి, చిక్కు తీసి, వేలంత ముడి వేసేటప్పటికి అడగాలని అనుకుంది. ముడి వేసింది. విప్పి మళ్ళీ వేసింది.

"అడుగు," అంది బాలనర్సమ్మ. "నెత్తి ఎన్నిసార్లు దువ్వుతవ్? ఉన్నయి గూడ ఊడుతయి."

స్వర్ణలత చెప్పింది. బిడ్డ సంగతి, చీర సంగతి, వియ్యపురాలు చంద్రకళ రోజూ ఫోన్ చేసి అడుగుతున్న సంగతి. ముసలామె అంతా విన్నది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో చీర అంచును నిమురుతూ కూర్చుంది.

"ఇయ్య," అంది.

స్వర్ణలత తాను సరిగ్గా వినలేదేమో అనుకుంది.

"చీర ఇస్త. పెట్టెల ఉన్నయన్ని తీస్కపో. ఒంటి మీదిది ఇయ్య. ఆ మాట నేను అనను."

"పసిపిల్ల అమ్మమ్మ."

"నేను కాదన్ననా? మంచిగ బతకాలె. దాని ఆయుష్షు అది తెచ్చుకున్నది. నాది నాకుండనీ."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న విజయమ్మ చేతిలోని గరిటె అక్కడే పెట్టి వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి. తల్లి మీద కోపం వస్తే ఇప్పటికీ ముక్కు ఎర్రబడుతుంది.

"ఏం మాట్లాడుతున్నవే అవ్వా? ఇంకేం చూడాలని ఉన్నది నీకు? పండు పండింది, రాలేదే గదా. నలుగురు వింటే నవ్విపోతరు."

"నవ్వనీ. నవ్వితే నా పండ్లు ఊడుతయా? అవి ఎప్పుడో ఊడినయి," అని బాలనర్సమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఈ సంగతి బయటికి పొక్కకూడదని విజయమ్మ అందరికీ చెప్పింది, చెప్పినందువల్లే సాయంత్రానికి సందంతా తెలిసింది. ఇంట్లో ఎవరూ ముసలామెను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మొదలైంది. పొద్దుటి చాయ్ విజయమ్మ తెచ్చి మంచం పట్టె మీద పెట్టి, "చాయ్" అని చెప్పకుండా వెళ్ళిపోయింది. కళ్ళు కనిపించని మనిషికి గ్లాసు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? చెయ్యి తడిమేసరికి అది చల్లారి మీగడ కట్టింది. రాఘవేందర్ సాయంత్రం వార్తలు పెద్దగా పెట్టి ఆమెకు వినిపించేవాడు. ఆ రోజు ఫోన్‌లో చెవులకు తీగలు పెట్టుకుని ఒక్కడే విన్నాడు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, అన్నం పెట్టడం మానలేదు. తొంభై ఏళ్ళ మనిషిని ఇల్లంతా కలిసి, నువ్వు ఇంకా ఉన్నావా అన్నట్టు చూసింది. చూపు లేకపోయినా ఆమెకు అది తెలిసింది. అన్నంలో రెండు ముద్దలు వదిలేయడం మొదలుపెట్టింది.

మర్నాడు చంద్రకళ వచ్చింది. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి ఆటోలో, పండ్ల సంచితో. బొట్టు పెట్టించుకుంది, చాయ్ తాగింది, ఆసుపత్రి నర్సుల గురించి మాట్లాడింది. పండ్లు బాలనర్సమ్మ చేతికి ఇవ్వకుండా స్వర్ణలత చేతికి ఇచ్చింది.

"మా సైడు ఇసొంటి పద్ధతి లేదు వదినె," అంది, మంచం దాకా వినిపించేలా. "మీరే చెప్పిండ్రు గద, పెళ్ళి చూపులల్ల. మా ఇంట్ల నిండు నూరేండ్లు బతుకుతరు, మా అవ్వ చీర పడ్డ పిల్లకు గండం ఉండదని. కల్పలతకు సుత గట్లనే కుట్టిండ్రంట గద, అప్పుడు ఎవరి చీర?"

"మా నాయినమ్మది," అంది విజయమ్మ.

"ఆమె ఎన్నేండ్లున్నది తర్వాత?"

విజయమ్మ ఖాళీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. కల్పలత పుట్టిన ఏడే ఆ ముసలమ్మ బతుకమ్మ పండగకు ముందు పోయింది. అది స్వర్ణలతకు తెలుసు. మంచం మీది మనిషికీ తెలుసు. ఆ పోయిన ముసలమ్మ ఆమెకు అత్త, ఆమె చేతుల మీదుగానే సాగనంపారు.

చంద్రకళ వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అంది. "నా కొడుకు పరేషాన్ అయితుండు. రేపో ఎల్లుండో పంపిస్తమంటున్నరు డాక్టర్లు. గుడ్డ లేకుంట నా మనవరాలు ఈ గడప దాటదు. సీదా మా క్వార్టర్‌కు తీస్కపోత. కల్పలతను సుత."

అది మామూలుగానే అంది. అందుకే స్వర్ణలతకు భయమేసింది. నెలలు నిండని బిడ్డ, పచ్చి బాలింత, పక్కనే వర్క్‌షాపు మోత, నీళ్ళు పట్టుకోవడానికి ఒకటే కుళాయి. తన కూతురు ఆ మనిషి చేతిలో నలిగిపోతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

చంద్రకళ వెళ్ళిన కాసేపటికే ఆసుపత్రి నుంచి కల్పలత ఫోన్ చేసింది. ఏడుపు గొంతులో ఉంది. "అమ్మా, పాపకు ఒళ్ళు వెచ్చగైంది. మళ్ళ పెట్టెల పెట్టిండ్రు. ముత్తవ్వకు నా బిడ్డంటే లెక్కలేదా? నన్ను ఎత్తుకుని తిరిగింది గదా అమ్మా. ఒక్క మాట అంటే ఏం పోతది?"

"ఏం కాదు బిడ్డ. నేనున్న గదా," అంది స్వర్ణలత. ఆ మాట ఆమెకు ఊతపదం. అత్తగారు మంచాన పడ్డప్పుడూ అదే అన్నది, తండ్రి పోయినప్పుడు తల్లితోనూ అదే అన్నది. ఫోన్ పెట్టేసి, చెమటపట్టిన మెడ కొంగుతో తుడుచుకుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

విజయమ్మ ఆమెను పెరట్లోకి పిలిచింది. చుట్టూ చూసి, చెయ్యి పట్టుకుంది. "స్నానం నువ్వే చేపిస్తవ్ గద. విడిచిన చీర తీసి పెట్టుకో. మొన్న ఉతికినదే కట్టు. ఆమెకేం తెలుస్తది? ఆ మాట నేనంట ఆమె పేరు మీద."

"అమ్మా, నిన్ను కన్న అవ్వ ఆమె."

"తెల్వదా నాకు?" విజయమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకు సుత ఆమె కావాలె. కానీ ఇద్దర్ల ఒకలంటే నేను ఎవరిని అనాలె? నువ్వే చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్వర్ణలత నీళ్ళు కాచింది.

స్నానానికి వెళ్ళేటప్పుడు బాలనర్సమ్మ ఎప్పుడూ చెయ్యి పట్టుకోదు. మనవరాలి కొంగు చివర పట్టుకుని వెనకే నడుస్తుంది. చెయ్యి పట్టుకుంటే పడేస్తారని భయం, కొంగు అయితే వదిలేయవచ్చునట. ఏళ్ళ తరబడి అలాగే నడుస్తున్నారు. స్నానాలగదిలో పీట వేసి కూర్చోబెట్టి, చీర విప్పి, స్వర్ణలత దాన్ని వంకెకు తగిలించింది. నీలం గళ్ళ నేత చీర. ఉతికి ఉతికి గళ్ళు వెలిసి, కాగితంలా అయింది. ఇంకా ఒంటి వేడితో ఉంది.

వీపు మీద నీళ్ళు పోసింది. ఎముకలు లెక్కపెట్టవచ్చు. సున్నిపిండి రాస్తుంటే ముసలామె కళ్ళు మూసుకుని, నీళ్ళు కారుతున్న మొహంతో మెల్లగా మాట్లాడింది.

"అందరు నేను ఎప్పుడు పోతనా అని చూస్తున్నరు. మంచిగనే చూస్తున్నరు, తిడుతలేరు. నాకు తెల్వదా?"

"అట్ల కాదు అమ్మమ్మ."

"గట్లనే. తొంభై ఏండ్లొచ్చినంక పోవాలని ఉండాలెనంట. నాకు లేదే స్వర్ణ. ఏం చెయ్యాలె? పొద్దుగాల మెలకువ అయితే, అబ్బ, ఇయ్యాల్ల సుత ఉన్న అనిపిస్తది. వేడి చాయ్ తాగాలనిపిస్తది. సందుల పాలోడు సైకిల్ గంట కొడితే మంచిగనిపిస్తది. గంతే. గది తప్పా?"

స్వర్ణలత చేతిలోని చెంబు అలాగే ఉండిపోయింది. ఆ ఇంట్లో తనకు ఏం కావాలో ఇంత స్పష్టంగా చెప్పిన మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు. తనకు ఏం కావాలని ఎవరన్నా అడిగితే ఏమని చెబుతుంది? కాసేపు పడుకోవాలని చెబుతుందేమో. అది కూడా గట్టిగా చెప్పగలదో లేదో.

"తప్పు కాదు," అంది.

ఒళ్ళు తుడిచి, వంకెకు తగిలించిన నీలం గళ్ళ చీరే మళ్ళీ కట్టింది. బాలనర్సమ్మ వేళ్ళతో తడిమి చూసుకుంది, అంచు గుర్తుపట్టింది. కొంగు పట్టుకుని వెనకే నడిచింది.

ముసలామెను మంచం చేర్చాక, తలుపు దగ్గర కాచుకుని ఉన్న విజయమ్మ చెవిలో స్వర్ణలత, "తీసిన. అసొంటిదే ఇంకోటి కట్టిన," అని అబద్ధం చెప్పింది.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక ఆమె మిద్దె మీదికి వెళ్ళి, తాను విడిచిన చీర తీసింది. లేత ఆకుపచ్చ నూలు చీర, ఇంట్లో కట్టేది. ఆరేసిన దుప్పటి చాటున కూర్చుని కొంగువైపు నుంచి మూర కొలిచి, పంటితో గాటు పెట్టి చింపింది. పసుపు నీళ్ళలో ముంచితే రంగు ఎవరికీ తెలియదు. ముంచి, పిండి, నీడలో ఆరబెట్టింది. పిండేటప్పుడు ఎడమ చెయ్యి సహకరించలేదు. వేళ్ళ చివరలు తిమ్మిరెక్కాయి. గోడకు ఆనుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకుంటూ, నొప్పి దానంతట అదే దిగేదాకా ఆగింది. దిగింది. ఎప్పుడూ దిగుతుంది.

అంగీ చేత్తోనే కుట్టింది. కుట్లు బయటివైపు వచ్చేలా వేసింది. లోపలివైపు ఉంటే పసి ఒంటికి ఒరుసుకుంటాయి. ముడులు లేకుండా, దారం చివరలు వెనక్కి తిప్పి దాచింది. గుండీ పెట్టలేదు, నాడా పెట్టింది. మెడ కత్తిరించాక అది ఎంత చిన్నదిగా ఉందో చూసి నవ్వొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, మాట అనాలి కదా. చుట్టూ చూసింది. దుప్పటి గాలికి ఊగుతోంది.

"నా ఆయుష్షు పోసుకో బిడ్డా," అంది మెల్లగా.

అనగానే ఒళ్ళు జల్లుమంది. ఉత్త మాటే అనుకుంది. నమ్మకం లేనిదాన్ని ఇంత భయపడటమెందుకు అనుకుంది. అయినా దిగేటప్పుడు గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది.

బిడ్డకు జ్వరం తగ్గింది. చీర తీసిన రోజే తగ్గిందని విజయమ్మ సందులో అందరికీ చెప్పింది. అంతటితో ఇల్లంతా ముసలామె మీద మళ్ళీ ప్రేమ కురిపించడం మొదలుపెట్టింది. చాయ్ చేతికి ఇచ్చి, గ్లాసు చుట్టూ వేళ్ళు మూసిపెట్టారు. వార్తలు మళ్ళీ గట్టిగా వినిపించాయి. రాఘవేందర్ ఆమె కోసం మెత్తటి బన్ను తెచ్చాడు. ఎందుకో తెలియక బాలనర్సమ్మ ఆ బన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. "నాకేమన్న అయిందా?" అని స్వర్ణలతను అడిగింది. "ఎందుకు ఇంత మంచిగ చేస్తున్నరు?"

బిడ్డ వచ్చే రోజు పొద్దున్నే ఇల్లు కడిగారు. స్వర్ణలత గడపకు పసుపు రాసింది, ముగ్గు వేసింది, బాలింతకు కారప్పొడి దంచింది, మూడుసార్లు మిద్దె ఎక్కి దిగింది. కారు సందు మొదట్లో ఆగింది. బేగంపేట ఆఫీసుకు సెలవు పెట్టిన అల్లుడు హరికిషన్ ముందు, చంద్రకళ చేతిలో బిడ్డ, వెనక కల్పలత. గడప దగ్గర విజయమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. ముందురోజే ఆసుపత్రికి పంపిన పసుపు అంగీలో బిడ్డ మొహం గుప్పెడు కూడా లేదు. అందరి కళ్ళూ ముందు అంగీ మీద పడ్డాయి, తరువాతే బిడ్డ మీద. చంద్రకళ గడప దాటింది.

"అయిదుగురు ఒక్క దగ్గర కూసోండి, ఫొటో తీస్త," అన్నాడు హరికిషన్.

మంచం మీద బాలనర్సమ్మ, పక్కన విజయమ్మ, అటు కల్పలత. బాలనర్సమ్మకూ కల్పలతకూ నడుమ స్వర్ణలతకు చోటు వదిలారు. ఆ చోటు ఖాళీగానే ఉంది. ఎవరో నీళ్ళు అడిగారు, ఎవరో తువ్వాలు అడిగారు, పాలు పొంగుతున్నాయని ఎవరో అరిచారు. స్వర్ణలత ఆ పనులన్నీ చేసి వచ్చి కూర్చునేసరికి ఆమె మొహం బూడిదరంగుకు తిరిగింది. ఫొటోలో బాగా పడదని పౌడర్ రాసుకొమ్మంది చంద్రకళ.

బిడ్డను బాలనర్సమ్మ ఒళ్ళో పెట్టారు. ఆమె రెండు చేతులూ బిడ్డ చుట్టూ పెట్టింది. మొహం తడిమింది, చెవులు తడిమింది, అరికాళ్ళు తడిమి నవ్వింది. తరువాత అంగీ మీద చెయ్యి పెట్టింది. వేళ్ళు ఆగిపోయాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డను పట్టి, స్నానానికి నడిచేటప్పుడు పట్టుకున్నట్టే పట్టింది. ఏళ్ళ తరబడి ఆ పట్టుతోనే నడిచింది. రంగు మారినా ఆ నేత మారలేదు.

ఆమె పక్కకు వంగింది. స్వర్ణలత చెవికి మాత్రమే వినిపించేలా అడిగింది.

"ఇది నీ కొంగు గాదె?"

స్వర్ణలత బిడ్డ అంగీ నాడా సర్దింది.

"మాట సుత నువ్వే అన్నవా?"

"ఊ."

"నీ దగ్గర అంత మిగిలి ఉన్నదా, పంచిపెట్టనీకి?"

ముసలామె బిడ్డను విజయమ్మ ఒళ్ళోకి మార్చింది. చెయ్యి చాచి స్వర్ణలత ఎడమ మణికట్టు వెతికి పట్టుకుంది. అది చల్లగా, తడిగా ఉంది. పట్టుకునే ఉంది, ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకు వాల్చి. ఆ తరువాత రెండో చేత్తో తన నీలం గళ్ళ కొంగు అందుకుని, అంచు నోట్లో పెట్టి చిగుళ్ళతో నొక్కి, లాగింది. పాత బట్ట. చర్రున చిరిగింది. ఆ చప్పుడుకు గదిలో మాటలు ఆగిపోయాయి.

"అవ్వా, ఏం చేస్తున్నవ్?" అంది విజయమ్మ.

బాలనర్సమ్మ ఆ పేలికను స్వర్ణలత మణికట్టుకు చుట్టి, ముడి వేయడానికి తంటాలు పడింది. మూడోసారికి ముడి పడింది.

"అంత ఇయ్య," అంది గట్టిగా. "జెరంత ఇస్తున్న. కడమది నాకే కావాలె. పోసుకో."

చంద్రకళకు చప్పున అర్థమైంది. "అంటే పిల్ల మీద ఉన్నది ఎవరిది?" అంటూ లేచింది. విజయమ్మ కూతురివైపు తిరిగింది. వంటింట్లోంచి రాఘవేందర్, "స్వర్ణా, హారతి పళ్ళెం ఎక్కడ పెట్టినవ్?" అని కేకేశాడు. "అమ్మా, పాపకు గుడ్డ మార్చాలె," అంది కల్పలత. "అత్తమ్మా, ఇటు చూడండి," అన్నాడు హరికిషన్, ఫోన్ ఇంకా ఎత్తిపట్టుకునే.

స్వర్ణలత లేవలేదు. లేవాలని మంచం పట్టె పట్టుకుంది, చెయ్యి జారింది.

"నాకు మంచిగ లేదు," అంది.

ఆ ఇంట్లో ఆ మాట ఇన్నాళ్ళూ ఆ చివరి ముసలివాళ్ళో ఈ చివరి పిల్లలో అనేవారు. నడిమి మనిషి నోట వినేసరికి ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. డెబ్భై ఏళ్ళ విజయమ్మ తన కూతురి మొహం చూసింది. చెమట, బూడిదరంగు పెదాలు, దవడ పట్టుకున్న చెయ్యి. ఇవి ఎన్ని రోజులనుంచి ఉన్నాయో ఆమెకు తెలియదు. ఒళ్ళోని బిడ్డ ఏడవడం మొదలుపెట్టింది.

బాలనర్సమ్మ మాత్రం ఆ మణికట్టు వదల్లేదు. చూపులేని కళ్ళు వీధి గుమ్మంవైపు తిప్పి, చెవి రిక్కించింది.

"వచ్చిన కారు పోయిందా?" అని అడిగింది. "పోకముందే ఆపుండ్రి."

హరికిషన్ ఫోన్ మంచం మీద పడేసి సందులోకి పరుగెత్తాడు.